పన్నెండు సెకన్ల సంతాపం

"ఇకనుంచి మా ప్రభుత్వంలో ఎవరు చనిపోయినా, బాధపడటానికి పన్నెండు సెకన్లకు మించి పట్టదు" అని మంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లతో మార్మోగింది. అందులో నా చప్పట్లూ ఉన్నాయి. మంత్రిగారి పేషీలో అభినందన సందేశాలు రాసే గుమాస్తాను నేను. పొగడటం నా డ్యూటీ. ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను కనుక ఇప్పుడు ఆపమన్నా ఆగదు.

కిటికీ దగ్గర, నా పక్క సీటు సంతాపాలది. అక్కడ కూర్చునే పెద్దాయన్ని ఆఫీసంతా సంతాపం గారు అనే పిలుస్తుంది. ఎవరైనా పోయారని తెలిస్తే ఆయన ముందు వాళ్లింటికి ఫోన్ చేస్తారు. పోయినవారు దేనికి విసుక్కునేవారు, ఇంట్లో ఏ పని ఇంకెవరినీ చేయనిచ్చేవారు కాదు అని మెల్లిగా అడుగుతారు. ఆ తర్వాతే పెన్ను తీస్తారు. ఈ పద్ధతి ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు.

పన్నెండు సెకన్లలో సంతాప సందేశం రాసిచ్చే కొత్త ఏఐ మెషీన్ నెల రోజుల ట్రయల్‌లో నెగ్గితే ఆయన సీటు ఎత్తేసి, ఆయన్ని కింద పాత ఫైళ్ల గదికి పంపాలని నిర్ణయమైంది. ఆ గదికి కిటికీ లేదు. ఆయన రిటైర్మెంటుకు ఇంకా పదకొండు నెలలున్నాయి. ఇంతమంది దుఃఖం చూశాక చివరికి బూజు చూస్తూ కూర్చోవాలా అని ఆయన ఒక్కసారి నా దగ్గర వాపోయారు.

మెషీన్‌తో చిక్కు ఒక్కటే. ప్రతి సందేశానికీ ముందు అది ఒక బాక్స్ చూపించి, "చనిపోయిన వారి గురించి మీకు మాత్రమే తెలిసిన ఒక విషయం చెప్పండి" అని అడిగేది. దీనివల్ల పన్నెండు సెకన్ల లక్ష్యం దెబ్బతింటోందని సెక్రటరీ గారు కనిపెట్టారు. బాక్స్ తీసేయమంటే ఇంజినీరు కుదరదన్నాడు. దాంతో సర్క్యులర్ వచ్చింది: సదరు బాక్స్‌లో అందరికీ "మంచి మనిషి" అని నింపవలెను. పేపర్లలో పడిన మరణవార్తలు వాటంతటవే మెషీన్‌లోకి వెళ్లేట్టు, మంత్రిగారి సంతకంతో సహా ఉత్తరాలు వాటంతటవే బయటికొచ్చేట్టు ఏర్పాటు చేశారు.

మెషీన్ మాత్రం పాపం, తెలియనిది తెలిసినట్టు రాయదు. అందుకని ప్రతి ఉత్తరాన్నీ "వారితో నాకు పరిచయ భాగ్యం లేకపోయినా, మంచి మనిషి అని విన్నాను" అంటూ మొదలుపెట్టేది. ఒకేరోజు ఒక సంగీతం టీచరు ఇంటికీ, ఒక కుస్తీ వస్తాదు ఇంటికీ, రెండుసార్లు జైలుకెళ్లొచ్చిన కాంట్రాక్టరు ఇంటికీ ఇదే ఉత్తరం వెళ్లింది. ఇదేమిటని విలేకరులు అడిగితే మంత్రిగారు తడుముకోలేదు. తమ ప్రభుత్వం దృష్టిలో పోయినవాళ్లందరూ సమానమేనన్నారు.

ఆ నెలలో సంతాపం గారు ఒక్క తప్పు చేశారు. ఒక ప్రింటింగ్ ప్రెస్సు యజమాని పోతే, ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని, ప్రూఫు కాగితం చేతికి రాగానే ఆయన ముందు వాసన చూసి ఆ తర్వాతే చదివేవారన్న సంగతి బాక్స్‌లో కొట్టారు. మెషీన్ రాసిచ్చిన పేజీలో సగం కొట్టేసి, సొంతంగా నాలుగు వాక్యాలు చేర్చి, నాకు రెండుసార్లు చదివి వినిపించి పంపారు. అడిగినదానికి జవాబు చెబితే మెషీన్ బాగానే సాయపడుతుందయ్యా అన్నారు.

మూడో రోజు ప్రెస్సాయన కూతురు ఆ ఉత్తరం పట్టుకుని మంత్రిగారి దగ్గరికొచ్చింది. తన తండ్రి వాసన చూసే సంగతి ఆయనకెలా తెలిసిందని అడిగింది.

"ప్రజల గురించి నాకు తెలియనిదేముందమ్మా" అని మంత్రిగారు ఆమెతో ఫోటో దిగారు.

మర్నాడు, ఒక్క మరణం మీద నలభై నిమిషాలు ఎందుకు వెచ్చించారో తెలపాలంటూ సంతాపం గారికి మెమో వచ్చింది. ఆ వారమే సీటు ఎత్తేశారు. ఆయన కళ్లజోడూ ఫోన్ నంబర్ల డైరీ పట్టుకుని మెట్లు దిగుతుంటే, సాయం వెళదామనుకుని కూడా నేను లేవలేదు. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంతలో మంత్రిగారి అన్నగారు పోయారు. సంతాపసభ అదే హాల్లో పెట్టారు. ఈసారి మాటలు గుండెలోంచి రావాలని మంత్రిగారు స్వయంగా మెషీన్ ముందు కూర్చున్నారు. పక్కన సెక్రటరీ గారూ నేనూ ఉన్నాం. మీకు మాత్రమే తెలిసిన ఒక విషయం చెప్పమంది మెషీన్. మంత్రిగారు చాలాసేపు సీలింగ్ వైపు చూసి, ఒంటివేలితో "మంచి మనిషి" అని కొట్టారు. ఇంకొంచెం చెప్పగలరా అని అది ఎంతో మర్యాదగా అడిగింది.

"సెక్రటరీ గారూ, మా అన్నయ్యకు ఏమంటే ఇష్టమో మీకేమైనా తెలుసా?" అన్నారు మంత్రిగారు.

ఫైలు తెప్పిస్తామన్నారు సెక్రటరీ గారు. అలాంటి ఫైలు లేదని తేలాక, సంతాపం గారిని పైకి పిలిపించారు. ఆయన చొక్కా దుమ్ము దులుపుకుని, మంత్రిగారి వదినగారికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టారు. పేషీ నుంచి మాట్లాడుతున్నానని మాత్రం చెప్పారు.

"ఉత్తరం అందిందండీ" అందావిడ. "మా మరిది సంతకమే. మీ వారితో పరిచయ భాగ్యం లేదు, మంచి మనిషి అని విన్నానని రాశాడు. ఉన్నమాటేగా, నేనేమీ అనుకోలేదు."

సంతాపం గారు తన పాత ప్రశ్నే అడిగారు. ఇంట్లో ఏ పని ఆయన ఇంకెవరినీ చేయనిచ్చేవారు కాదమ్మా?

"టీవీ రిమోట్ ముట్టుకోనిచ్చేవారు కాదండీ. తమ్ముడు కనపడగానే సౌండు తీసేసేవారు. మాటలు ఎలాగూ ఎవరో రాసిచ్చినవే, మొహం మాత్రం మనవాడిదేగా, వేళకు తిన్నాడో లేదో తెలిసిపోతుంది అనేవారు."

మంత్రిగారు తల ఎత్తలేదు. సంతాపం గారు ఆ మాటలు ఉన్నవున్నట్టు బాక్స్‌లో కొట్టి, వచ్చిన పేజీని దిద్దడం మొదలుపెట్టారు.

సభ అద్భుతంగా జరిగింది. "తిన్నాడో లేదో" దగ్గర మంత్రిగారు ఆ ముక్కే రెండోసారి చదివారు, జనం కళ్లు ఒత్తుకున్నారు. ఎవరో రాసిచ్చినవే అన్న ముక్కను సెక్రటరీ గారు ముందే తీసేశారు. సంతాపం గారి కుర్చీ, తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు, మళ్లీ కిటికీ పక్కకు చేరింది.

ఇంత గొప్ప ప్రసంగం చేసిన మంత్రిగారిని పేషీ తరఫున అభినందించడం నా డ్యూటీ. ఇప్పుడు అభినందనలకూ అదే మెషీన్. తెరవగానే, వారి గురించి మీకు మాత్రమే తెలిసిన ఒక విషయం చెప్పండి అని అడిగింది. పక్క సీట్లోంచి సంతాపం గారు నా వేళ్లవైపే చూస్తున్నారు.

"మంచి మనిషి" అని కొట్టాను.