డబ్బీలో దొరికిన గొంతు

ఆ ఉదయం శ్రీరంగప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, మగ్గాల గదికి పోయి, కొత్త పట్టుచీర అంచు మొదలుపెట్టించి తలుపు మూసుకోవడం. అంచు మీద వేరుశనగ పువ్వు. ధర్మవరంలో ఇంతవరకు ఎవరికీ తట్టని పువ్వు. పోయిన ఏడాది ఆయన వేయించిన అంచులాంటిదే ముందుగా పక్కవీధి సోమప్ప అంగట్లో వేలాడింది, పెళ్లిళ్ల బేరమంతా అటే పోయింది. ఈసారి కూడా అలాగే అయితే అంగడి మూసుకోవలసిందే. అందుకే డిజైనును కాగితం మీద పెట్టలేదు. పెడితే ఎవడో ఒకడు ఫోటో తీస్తాడు. సంగతంతా నేతగాడు దాసప్పకు వాయిస్ మెసేజీలుగా పంపాడు.

తీరా పోతే మగ్గం పక్కన బామ్మర్ది రాజేంద్ర కూర్చుని ఉన్నాడు. పుట్టపర్తిలో లాడ్జి నడుపుతాడు, అక్క పద్మజను చూడటానికి వచ్చాడు. చెవులకు దొప్పల్లాంటి హెడ్‌ఫోన్లు, ఒళ్లో చిన్న నల్ల డబ్బీ, దాని నుంచి ఫోనుకు ఒక తీగ. డబ్బీ మీద ఎర్రదీపం.

"ఏంరా అది?"

"పాటలు వినేదానికి బావా. ఫోన్లో పాట అంకెల్లో ఉంటాది. ఈ డబ్బీ ఆ అంకెల్ని శబ్దం చేసి, గట్టిగా చెవికిస్తాది."

"పాటలకు ఫోను చాల్దా?"

"దీంట్లో వింటే తంబూర తీగ కూడా వినపడతాది."

అంకెల్ని శబ్దం చేసేది, శబ్దాన్ని అంకెలు చేసి దాచుకోదని ఏం నమ్మకం? శ్రీరంగప్పకు తాగిన కాఫీ చేదెక్కింది. వీడు మగ్గం పక్కనే ఎందుకు కూర్చున్నాడు? నిన్న సోమప్ప అంగడి ముందు నిలబడి టీ ఎందుకు తాగాడు?

కాసేపటికి రాజేంద్ర స్నానానికి పోయాడు. ఫోను వెంట తీసుకుపోయి డబ్బీని, హెడ్‌ఫోన్లను మాత్రం వదిలేశాడు. అదీ అనుమానమే. శ్రీరంగప్ప హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తీగను తన ఫోనుకే గుచ్చాడు. చప్పుడు లేదు. డబ్బీ గుండీని చివరిదాకా తిప్పాడు. ఫోను మీద అక్కడా ఇక్కడా వేలు పెట్టి నొక్కాడు. ఎక్కడ నొక్కాడో చూసుకోలేదు.

"దాసప్పా! పువ్వుకు బంగారు జరీ..."

ఆయన ఎగిరిపడ్డాడు. తన గొంతే! దగ్గుతో సహా! ఇంటి గుట్టంతా ఈ డబ్బీ మింగేసింది.

తీగ కదలకుండా అన్నీ తువ్వాలులో చుట్టుకుని, నేరుగా చీరల వర్తకుల పెద్ద రామాంజనేయులు అంగడికి పరుగెత్తాడు. "అన్నా, దొంగ దొరికినాడు! ఆ సోమప్పను కూడా పిలిపించు!" అని కేక పెట్టాడు. సోమప్ప వచ్చాడు. అతని వెనకే వీధిలోని అంగళ్లవాళ్లంతా వచ్చారు.

"వినకుండా తీర్పు ఎట్ల చెప్పేదప్పా?" అంటూ రామాంజనేయులు హెడ్‌ఫోన్లు పీకేసి, డబ్బీకి తన అంగడి స్పీకరు తీగ తగిలించాడు. మొదటి ముక్క వినిపించి ఆపేద్దామనుకున్నాడు శ్రీరంగప్ప. ఫోను మీద మళ్లీ వేలు పెట్టి నొక్కాడు.

"దాసప్పా! పువ్వుకు బంగారు జరీ. ఆకుకు చిలకపచ్చ. పువ్వు కింద ఊడ దించి, కొసన కాయ పెట్టు..."

ఆపడం ఎక్కడో తెలియలేదు. గుండీ తిప్పితే ఇంకా పెరిగింది. ఒక మెసేజి అయిపోగానే తర్వాతది దానంతటదే అందుకుంది.

"...రామాంజనేయులన్నకు మాత్రం చెప్పొద్దు. ఆయప్ప నోట్లో నువ్వుగింజ నానదు. మా బామ్మర్ది మీద కూడా ఒక కన్నేసి పెట్టు..."

సరిగ్గా అప్పుడే ఆ గోల విని పద్మజ, తడి తలతో రాజేంద్ర గుమ్మంలోకి వచ్చారు. రాజేంద్ర బావ ఫోను నుంచి తీగ పీకాడు. గొంతు ఆగిపోయింది.

"చూసినారా! డబ్బీ ఊడదీస్తే మాట పడిపోయింది!" అన్నాడు శ్రీరంగప్ప విజయగర్వంతో.

రాజేంద్ర అదే ఫోను మీద నొక్కాడు. డబ్బీ లేకుండానే, తీగ లేకుండానే, శ్రీరంగప్ప గొంతు "దాసప్పా!" అంది.

"ఇది నీ ఫోను బావా. ఇవి నువ్వు పంపిన మెసేజీలు. నా డబ్బీ ఏదీ దాచుకోదు. ఏ ఫోనుకు పెడితే ఆ ఫోన్లోది చెప్తాది, అంతే." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను దొంగను చేసినావు గదా!"

"పదరా, ఇంటికి పోదాం" అంది పద్మజ. ఆ పిలుపు మొగుడికి కాదని అందరికీ తెలిసింది.

శ్రీరంగప్పకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఎత్తేసరికి రామాంజనేయులు ఫోను చెవికి పెట్టుకుని "చిలకపచ్చ పట్టు యాడ దొరుకుతాది?" అని ఎవరినో అడుగుతున్నాడు. సోమప్ప చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఒట్టప్పా శ్రీరంగప్పా, ఇప్పటిదాకా నాకేమీ తెలీదు" అన్నాడు సోమప్ప నిజాయితీగా. "వస్తా, మగ్గం కాడ పనుండాది."

ఆ ఏడాది వానల్లేక చేలల్లో వేరుశనగ పూత నిలవలేదు గానీ, ధర్మవరం మగ్గాల మీద మాత్రం విరగబూసింది.