అధ్యక్షులవారి పెంపుడు మామగారు

ఒక పెద్ద అడవిలో ఒక సరస్సు ఉండేది. సరస్సన్నాక గట్టు, గట్టన్నాక నీడ, నీడన్నాక దాని మీద పెత్తనానికి ఒక కమిటీ ఉండక తప్పదు కదా. ఆ కమిటీకి అధ్యక్షుడు ఎలుగుబంటి, కార్యదర్శి నక్క జంబయ్య.

జంబయ్యకు ఆ పదవి తెలివితో రాలేదు, పెళ్లితో వచ్చింది. మామగారు ఊళయ్య ఒకప్పుడు అధ్యక్షులవారి చెవిలో ఒక మాట వేశాడు. అప్పటినుంచి మామగారి పేరు వినబడితే చాలు, అల్లుడు నిద్రలో కూడా లేచి నిలబడతాడు.

ఆ వేసవిలో సరస్సు ఒడ్డున గుడారాలు వేసి క్యాంపు పెడదామని కమిటీ కూర్చుంది. వచ్చేవాళ్లు తమ పెంపుడు ప్రాణిని తెచ్చుకోవచ్చా అన్న దగ్గర చర్చ ఆగిపోయింది.

"నా కొంగ రాకపోతే నేనూ రాను," అంది గేదె నల్లమ్మ. "నా వీపు మీద పిడుదులు ఎవరు ఏరతారు, మీరా?"

అధ్యక్షుడు చెట్టుకు వీపు రుద్దుకుంటూ, "రానిద్దాం లేవయ్యా. పాపం, మూగజీవాలు," అన్నాడు.

జంబయ్యకు ఒళ్లు మండింది. వీటికి చనువిస్తే గట్టంతా రెట్టలే అనుకుని రూళ్లు తానే పెట్టాడు. గుడారానికి ఒక్క ప్రాణే. దాని మెడలో తాడుండాలి, తాడు కొస యజమాని దగ్గరే ఉండాలి. యజమాని తిన్నాకే దానికి తిండి. నీళ్లలో మాత్రం దిగకూడదు.

"కొంగను నీళ్లలో దిగొద్దంటావేమయ్యా! నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది నల్లమ్మ.

"రూలు రూలే," అన్నాడు జంబయ్య.

గుడారాలన్నీ నిండిపోయాయి, గుడారం లేనివాళ్లకు గేటు లోపలికి ప్రవేశం లేదు. సరిగ్గా అప్పుడు కాకి కబురు మోసుకొచ్చింది. మామగారు క్యాంపుకు బయలుదేరారట.

జంబయ్య గుడారాలు మళ్లీ లెక్కపెట్టాడు, ఒక్కటీ ఖాళీ లేదు. పైగా భార్య గుడ్లురిమింది. "మా నాన్నకు గట్టు మీద చోటు లేదన్నారో, మీకు కమిటీలో చోటుండదు. కుర్చీ వేయించినాయనకు తీయించడం ఎంతసేపు?"

అప్పుడు జంబయ్యకు తట్టింది. అందరికీ పెంపుడు ప్రాణులున్నాయి, అధ్యక్షులవారికే లేదు. ఆ లోటు ఆయనకూ లోపల బాధగానే ఉన్నట్టుంది, అడగ్గానే ఒప్పుకున్నాడు.

ఇక మామగారికి చెప్పడమే మిగిలింది. జంబయ్య దారిలోనే ఎదురెళ్లాడు. "మామగారూ, పేరుకే. అధ్యక్షులవారి పెంపుడు ప్రాణినని గేటు దాటేదాకా అనండి. లోపలికెళ్లాక ఎవడు చూడొచ్చాడు?"

"నేనా? పెంపుడా? నా వయసేమిటి, నా మీసమేమిటి!" అని గర్జించబోయి ఊళయ్య ఆగాడు. గట్టు మీది నుంచి చల్లగాలి వచ్చి ముక్కుకు తగిలింది. "సరే, పేరుకే కదా," అన్నాడు మెల్లగా.

గేటు దగ్గర కాపలా ముంగిసది. ఉద్యోగం కొత్త, 'పేరుకే' అంటే ఏమిటో దానికింకా ఎవరూ నేర్పలేదు. ఊళయ్య మెడకు తాడు కట్టి, రెండో కొస అధ్యక్షుడి చేతిలో పెట్టింది. జంబయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఎలుగుబంటికి అంతవరకూ పెంపకం రుచి తెలియదు. ఊళయ్య చెవుల మధ్య ఆప్యాయంగా గోకి, ఒక పుల్ల దూరంగా విసిరి, "తే, తే!" అన్నాడు.

గట్టంతా మెడలు చాచి చూసింది. అడవిలో సగం తగవులు తీర్చిన పెద్ద నక్క ఆయన. ఊళయ్య పుల్ల వంక చూశాడు, అధ్యక్షుడి వంక చూశాడు. చూసి, పరుగెత్తుకెళ్లి పుల్ల తెచ్చాడు. తోక కూడా ఊపాడు.

ఇక నా పని అయిపోయింది అనుకున్నాడు జంబయ్య. సాయంత్రం ఎవరూ లేకుండా చూసి మామగారి కాళ్ల మీద పడ్డాడు. "తప్పయిపోయింది మామగారూ. ఇప్పుడే తాడు విప్పేస్తాను."

"తాడు ముట్టుకున్నావంటే కరుస్తాను," అన్నాడు ఊళయ్య, తేనెపట్టు ముక్క చప్పరిస్తూ. "ఆయన చెవిలో ఒక మాట వెయ్యాలంటే ఇన్నాళ్లూ గుమ్మం ముందు పడిగాపులు పడ్డాను. ఇప్పుడు ఒళ్లో తల పెట్టుకుని పడుకుంటున్నానురా పిచ్చివాడా!"

మర్నాటికల్లా ఆ మాట పడనే పడింది. కార్యదర్శి కుర్చీ ఊళయ్య కొడుక్కి, అంటే జంబయ్య బావమరిదికి వెళ్లిపోయింది. "అల్లుడు ఎంతైనా పరాయివాడు కదండీ," అన్నాడట ఊళయ్య. పదవితోపాటే గుడారమూ పోయింది. భార్య తన తమ్ముడి గుడారంలోకి మారింది. జంబయ్యను మాత్రం ముంగిస మర్యాదగానే గేటు బయట నిలబెట్టింది.

ఎండకు మాడి మాడి, చివరికి జంబయ్య తన మెడకు తానే తాడు తగిలించుకున్నాడు. కొంగ తాడు కొమ్ముకు చుట్టుకుని, మేత ముగించి వస్తున్న నల్లమ్మ ముందు రెండో కొస చాచాడు.

"అక్కా, కాస్త పట్టుకో. పేరుకే."

నల్లమ్మ నెమరు ఆపింది. వీపు మీది కొంగ మెడ తిప్పి చూసింది.

"నిన్ను చూస్తే జాలిగానే ఉంది తమ్ముడూ," అంది నల్లమ్మ. "కానీ గుడారానికి ఒక్క ప్రాణే అన్నావు కదా. రూలు రూలే."

నీతి: మెడలో తాడు పడిందని ఏడవకండి, రెండో కొస పట్టుకునేవాడు దొరకనప్పుడు ఏడవండి.