మామగారికి పొగబెట్టిన డబ్బా

ఆ ఆదివారం ఉదయం అల్లుడు పెట్టుకున్న పని చాలా చిన్నది. అరచేతిలో ఇమిడే తెల్ల డబ్బాను ఇంటి కింది గదిలో పెట్టాలి, వారం పోయాక దాని మీద అంకె చూడాలి, అంతే. అతనికి కళ్లద్దాల షాపు ఉంది. అద్దాలు మార్చుకోవడానికి వచ్చిన భూగర్భశాస్త్రం మేష్టారు ఒకాయన డబ్బాను అరువిచ్చాడు. కొత్త సంగతి ఏది చెవిన పడ్డా, దాన్ని కొలిచి చూసేదాకా అల్లుడికి అన్నం సయించదు.

కింది గది సగం నేలలో ఉంటుంది. అందులో ఉండేది మామగారు, రైలు గార్డుగా చేసి రిటైరైన మనిషి.

"రేడాన్ అని ఒక గ్యాస్ ఉందట మామయ్యగారూ," అన్నాడు అల్లుడు డబ్బాను అల్మరా మీద పెడుతూ. "మట్టిలో, రాళ్లలో పుట్టి, నేల పగుళ్లలోంచి ఇంట్లోకి వస్తుందట. రంగు లేదు, వాసన లేదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. ఉంటే ఈ డబ్బా పసిగట్టేస్తుంది. కిటికీ మూసే ఉంచండి, దీన్ని మాత్రం కదపకండి."

మామగారికి చెవికెక్కినవి రెండే ముక్కలు: ఊపిరితిత్తులు, పసిగట్టడం.

"నాన్న సిగరెట్లు మానేశాడు కాబట్టి సరిపోయింది," అంది కూతురు గుమ్మంలోంచి. "రెండూ కలిస్తే ప్రమాదం ఎన్నో రెట్లట."

మామగారు తలూపారు. కిందటేడు కూతురి చేతిలో చెయ్యి వేసి ఒట్టేసిన మాట నిజమే. ఆ ఒట్టు గాలికి పోయి చాలా కాలమైంది, పొగ మాత్రం కింది గది కిటికీలోంచి పోతూనే ఉంది. వాసన తెలియకుండా నొప్పుల తైలం దట్టంగా పూసుకునేవారు. అడిగితే మోకాళ్లు అనేవారు. పాపం నాన్న అనుకుని కూతురే కొత్త సీసా తెచ్చిపెట్టేది. నిజం తెలిస్తే ఆమె తిడుతుందని ఆయనకు భయం లేదు, ఇక తన ఏ మాటా నమ్మదేమోనన్నదే భయం.

అందుకని, తన పొగ సంగతి అది పసిగట్టకుండా, గదిలో ఎవరూ లేనప్పుడు డబ్బాను చొక్కా జేబులో వేసుకుని, డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన పెట్టి వచ్చారు. సాయంత్రం అల్లుడి స్కూటర్ చప్పుడు వినగానే కిందికి తెచ్చేవారు. అతను చూసి వెళ్లగానే డబ్బా మళ్లీ డాబా ఎక్కేది. అన్నేసి మెట్లు ఎక్కి దిగితే ఆయాసం రాదా మరి. ఆ ఆయాసం తీరడానికి ఇంకో సిగరెట్ వెలిగించాల్సి వచ్చేది.

వారం తిరిగేసరికి అంకె పన్నెండు. వంద దాటితే ఆలోచించాలని, మూడొందలు దాటితే ఊరుకోకూడదని మేష్టారు చెప్పాడు. అల్లుడికి ఆశ్చర్యం వేసింది. డబ్బాను మేడ మీద తమ పడకగదిలో పెట్టి చూస్తే నలభై.

"నేలలో ఉన్న గదిలో తక్కువ, మేడ మీద ఎక్కువ. ఇదేదో వింతగా ఉందే," అని తల గోక్కుని, వెంటనే పరుపు చుట్టాడు. "ఇంట్లో మంచి గాలంతా మీ గదిలోనే ఉంది మామయ్యగారూ. ఇవాళ్టి నుంచి మేమూ ఇక్కడే పడుకుంటాం."

వీళ్లు పక్కనే పడుకుంటే ఇక పొగ తాగేదెలా అనుకున్నారు మామగారు. "కంగారు దేనికి బాబూ? ఇంకో వారం పెట్టి చూడు. అంకెలు మారతాయి," అన్నారు.

మార్చే పూచీ ఆయనే తీసుకున్నారు. ఈసారి డబ్బాను అంగుళం కదపలేదు. కిటికీ బిగించి, తలుపు కింద తువ్వాలు కుక్కి, ఒంటినిండా తైలం పట్టించి, ఒక్కో దమ్మూ గురి చూసి దాని ముఖాన ఊదారు. అంకె రోజురోజుకూ ఎక్కుతుంటే ఆయనకు ముచ్చటేసింది. వారాంతానికి అది ఐదొందల ఇరవైకి చేరి, ఎర్ర లైటు వెలిగింది.

అల్లుడు గబగబా కిటికీ తెరిచాడు. "ఈ గది ఇవాళే ఖాళీ చేయాలి," అన్నాడు.

మామగారికి రోషం వచ్చింది. "పొమ్మని నోటితో చెప్పొచ్చు కదా బాబూ. డబ్బా తెచ్చి పొగబెట్టడం దేనికి?"

"అదేం మాటండీ. గ్యాస్ ఇంత ఉంటే మీ ప్రాణానికే..."

"గ్యాసూ లేదు, గీసూ లేదు." గది పోతుందన్న బెంగలో మామగారు నోరు జారారు. "అది నా సిగరెట్ పొగ. వారం నుంచి దాని మీదే ఊదుతున్నాను. అంతకుముందు వారం డాబా మీద దాచాను. ఇక నా గది నాకు వదిలెయ్యండి."

వారం అయింది కదా అని, కింద పడుకోవడానికి దుప్పట్లు మోసుకొస్తున్న కూతురు మెట్ల మీదే ఆగిపోయింది.

అల్లుడు డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. "దీనికి సిగరెట్ పొగ తెలీదు మామయ్యగారూ. రేడాన్ ఒక్కటే తెలుసు. అంటే ఆ పన్నెండు డాబాది. ఈ ఐదొందల ఇరవై నిజంగా మీ గదిదే."

మామగారు మంచం మీద కూలబడ్డారు. అక్కర్లేని చోట నిజం చెప్పేశారు. పైగా కలవకూడదన్న రెండింటినీ ఇన్నాళ్లూ కలిపి పీల్చారు.

"పొగబెట్టింది ఆయన కాదు నాన్నా," అంది కూతురు. "నాకు కోపం లేదు. భయంగా ఉంది."

ఆయన తలెత్తకుండా జేబులోని సిగరెట్ పెట్టె తీసి ఆమె చేతిలో పెట్టారు.

నేల పగుళ్లు పూడ్చి, దాని అడుగునున్న గాలిని బయటికి లాగే గొట్టమూ ఫ్యానూ బిగించాక అంకె దిగింది. మామగారి మంచం మాత్రం మేడ మీద, కూతురి కుట్టుమిషన్ పక్కనే ఉండిపోయింది. ఆమె పగలంతా అక్కడే బట్టలు కుడుతుంది. ఆశ్చర్యమేమిటంటే, ఆ రోజు నుంచి ఆయనకు మోకాళ్ల నొప్పులు మళ్లీ రాలేదు.