ఏడో అధ్యాయానికి పదునెక్కిన కత్తి

పారిస్ నగర శీలానికి తీవ్ర భంగం వాటిల్లిందని నీతి పరిరక్షక సంఘం వారు అధికారికంగా ప్రకటించారు. భంగం కలిగించినది నేను అచ్చువేసిన నవల, ‘బిషప్పు గారి కిటికీ’. రచయిత లెపివేర్ గారు దాన్ని పదేళ్లు తలుపులేసుకుని రాశారు. మిగిలిన అధ్యాయాలన్నీ ఆత్మ గురించి, ఏడోది మాత్రం ఒంటి గురించి.

అందుకు ఆయనను జైలుకు పంపాలని సంఘం కోర్టుకెక్కింది. ఖండించాలంటే పుస్తకం చేతిలో ఉండాలి గనుక సభ్యులు తలా ఒకటి కొన్నారు. ఖండన గట్టిగా ఉండాలని కొందరు బావమరుదులకూ కొనిచ్చారు. ఆ ఏడాది సాహిత్యానికి ఇంత సేవ చేసిన సంస్థ మరొకటి లేదు.

చట్టం ప్రకారం, మొత్తం పుస్తకం చదివాక మనసు చెడితేనే నేరం. సంఘాధ్యక్షురాలు బ్రిక్‌బెక్ గారు సాక్ష్యానికి బోనెక్కారు.

“పుస్తకమంతా చదివారా అమ్మా?” అన్నాడు మా వకీలు.

“అక్షరం పొల్లుపోకుండా! చదివినప్పుడల్లా తలస్నానం చేశాను.”

వకీలు ఆమె ప్రతి అందుకున్నాడు. మేము పుస్తకాలు అచ్చుకాగితం మడతలు కోయకుండానే అమ్ముతాం. కొన్నవాళ్లే కత్తితో పుటల అంచులు కోసుకుంటూ చదవాలి; కోయని పుట తెరుచుకోదు. ఆవిడ ప్రతిలో ఏడో అధ్యాయం నున్నగా తెగి ఉంది. ముందూ వెనకా ఒక్క మడతా కోయలేదు.

“ఇదేమిటమ్మా?”

“కత్తి మొద్దుదండీ.”

“మరి ఏడో అధ్యాయానికో?”

“మధ్యలో కాస్త పదునెక్కింది. ఆడవాళ్ల కత్తుల గొడవ మీకెందుకయ్యా?”

మిగతా సాక్షుల ప్రతులు తెప్పించారు. అందరి కత్తులూ అక్కడే పదునెక్కాయి. ప్రాసిక్యూటరు గారి ప్రతి అయితే బల్లమీద పెట్టగానే ఏడో అధ్యాయం దగ్గర తనంతట తానే తెరుచుకుంది.

“పూర్తిగా చదివిన సాక్షి దొరకనందున ముద్దాయి నిర్దోషి” అని జడ్జిగారు తీర్పు చెప్పారు. మేం చప్పట్లు కొట్టాం. లెపివేర్ గారు మాత్రం కూలబడి ఏడ్చారు.

“జైలుకే పంపండి మహాప్రభో! కానీ ఎవరో ఒకరు చివరిదాకా చదివి పంపండి. మీరైనా చదివారు కదా?”

జడ్జిగారు తమ ప్రతిని నల్లకోటు కిందికి జరుపుకుని, కోర్టు ముగిసిందన్నారు.

ఇప్పుడు లెపివేర్ గారు రోజూ నా దుకాణానికొచ్చి, “ఎనిమిదో అధ్యాయం గురించి ఎవరైనా అడిగారా?” అంటారు. పాపం, చూడలేక, మంచి పాఠకులు ఎక్కడో ఉంటారని మిమ్మల్ని తలుచుకునే ఓదారుస్తున్నాను. తీరా చూస్తే, ఏడో అధ్యాయంలో ఏముందో చెప్పలేదని మీరు నామీద గుర్రుగా ఉన్నారు. ఎనిమిదోదాని ఊసు మీరూ ఎత్తలేదు.