అమీర్‌పేటలో ఫ్రాన్సు చట్టం

ఆ సోమవారం పొద్దున దర్జీ సిద్ధిరాములు మనసులో ఉన్న పథకం చాలా మామూలుది. మధ్యాహ్నానికి ఆరు కోట్లకు బట్ట కత్తిరించాలి, సాయంత్రానికి వాటిని మిషన్ల మీదికి ఎక్కించాలి, పది రోజుల్లో ముప్పై కోట్లూ కుట్టి పంజాగుట్ట దేవిడీకి చేర్చాలి. దేవిడీ అంటే అక్కడి జాగీర్దారు గారి ఇల్లు. అందులో పెళ్ళి. ఆ పెళ్ళిలో నౌకర్లు అరవై మందికీ నీలం బనాతు అనే ఉన్నిబట్టతో కోట్లు. ముప్పై కోట్లు అమీర్‌పేటలో సిద్ధిరాములుకిచ్చి, మిగతా ముప్పై పంజాగుట్టలో దుకాణం ఉన్న అతని బావ భిక్షపతికిచ్చారు. ఎవరి కోట్లు బాగుంటే వాళ్ళకు ఏడాది పొడుగునా దేవిడీ కుట్టుపని ఇస్తామని అక్కడి లెక్కలు చూసే మున్షీ గారు సెలవిచ్చారు. 1937లో ఆ చుట్టుపక్కల ఏ దర్జీకైనా అంతకంటే పెద్ద ఆశ ఉండేది కాదు.

బావా బావమరుదులకు మూడేళ్ళుగా మాటల్లేవు. ఇద్దరూ పని నేర్చుకున్నది సిద్ధిరాములు తండ్రి దగ్గరే. సిరిసిల్లలో మగ్గం వదిలి పట్నం వచ్చి దర్జీ అయిన ఆ పెద్దమనిషి, తన కత్తెర ఎవరికో చెప్పకుండానే కన్నుమూశాడు. కత్తెర కొడుకు తీసుకున్నాడు, అల్లుడు అలిగాడు. పెద్దాయన ఇద్దరికీ నేర్పిన పద్ధతి ఒకటుంది. బనాతుకు ఒకవైపు నిగారింపు ఉంటుంది, రెండోవైపు కాస్త మసకగా ఉంటుంది. కిటికీల్లేని దర్జీ దుకాణాల్లో పగలు కూడా కందిలి వెలుతురే, అందులో ఆ తేడా కంటికి ఆనదు కాబట్టి, కత్తిరించిన ప్రతి ముక్కకూ మసక వైపున, అంటే కోటు లోపలికి పోయే వైపున, సుద్దతో అడ్డగీతల గుర్తు వేయాలి. అలిగిన మర్నాటి నుంచీ భిక్షపతి ఆ గుర్తును నిగారింపు వైపున వేయడం మొదలుపెట్టాడు. బావమరిది వేసిన చోట తాను సుద్ద కూడా ఆనించనన్నాడు. దులిపితే పోయే గుర్తే కనుక ఎవరికీ నష్టం లేకపోయింది.

సిద్ధిరాములు దుకాణంలో నాలుగు మిషన్లు, వాటి మీద కుట్టే నలుగురు కారిగర్లు. వాళ్ళలో పెద్ద తుకారాం. వీళ్ళు కాక రోజూ పొద్దున్నే వచ్చి బల్ల మీద కూర్చునే మనిషి ఇంకొకరున్నారు. ఆయన క్రైస్తవ మిషనరీల బడి పంతులు సత్యరాజు, కోస్తా నుంచి వచ్చినవాడు. క్రిస్మసుకని నల్లకోటు కుట్టడానికిచ్చాడు. క్రిస్మసు పోయి రెండు నెలలైనా కోటు రాలేదు. కోటు కోసం ఎదురుచూస్తూ ఊరికే కూర్చోలేక పత్రిక చదివి వినిపించేవాడు. కుట్టేవాళ్ళకు చేతులు ఖాళీ ఉండవు గానీ చెవులు ఖాళీయే కాబట్టి, ఈ ఏర్పాటు అందరికీ నచ్చింది.

"ఏంటి సిద్ధిరాములు గారూ, ఇవాళన్నా ఇస్తారా?"

"రేపు పక్కా పంతులూ. కాజాలే మిగిలినయ్. జర కూసోండ్రి, పేపర్ల ఏమున్నదో చెప్పుండ్రి."

పేపర్లో యూరపు ఉంది. సత్యరాజుకు కావలసిందీ అదే. చర్చి యువజన సంఘం వార్షికోత్సవంలో చదవడానికి ఆయన 'యూరపులో నిరుద్యోగం, దాని నివారణ' అనే వ్యాసం రాస్తున్నాడు.

"అక్కడ లక్షలమందికి పని లేదు," అన్నాడు సత్యరాజు. "పని ఉన్నవాళ్ళేమో పొద్దస్తమానం చేస్తూనే ఉన్నారు. అందుకని ఫ్రాన్సులో పోయినేడు చట్టం చేశారు. మనిషికి వారానికి నలభై గంటలే పని. మిగిలిన గంటలకు పని లేనివాళ్ళను పెట్టుకోవాలి. గంటలు తగ్గాయని కూలి తగ్గించడానికి వీల్లేదు."

నాలుగు మిషన్లూ ఒక్కసారి ఆగాయి. అన్నం వేళకు తప్ప అవి అలా ఆగడం సిద్ధిరాములు ఎన్నడూ చూడలేదు.

"పంతులూ," అన్నాడు తుకారాం, "జర గా ఆఖరి ముక్క మల్ల చదువుండ్రి."

పాఠం మళ్ళీ చెప్పమని అడిగిన విద్యార్థి సత్యరాజుకు పదేళ్ళ ఉద్యోగంలో దొరకలేదు. ఆయన పొంగిపోయి మళ్ళీ చదివాడు. అంతటితో ఊరుకోక సుద్దముక్క తీసుకుని, కత్తిరింపు బల్ల మీద లెక్క కూడా వేశాడు. రోజుకు పద్నాలుగు గంటలు, వారానికి ఆరు రోజులు, మొత్తం ఎనభై నాలుగు.

"అంటె మేం నలుగురం ఎనిమిది మంది పని చేస్తున్నమన్నట్టు," అన్నాడు తుకారాం. "ఇంకో నలుగురి నోటికాడి బువ్వ గుంజుకుంటున్నం. పాపం గద సేటూ."

"గది ఫ్రాన్సుల. ఇది అమీర్‌పేట."

"గీ బనాతు ఏడికెల్లి వచ్చింది సేటూ?"

"విలాయత్‌కెల్లి."

"మిషిన్?"

"గది సుత విలాయత్‌కెల్లే."

"మరి చట్టం ఒక్కటి ఎందుకు రావొద్దు?"

సిద్ధిరాములు సాయం కోసం సత్యరాజు వైపు చూశాడు. సత్యరాజు తుకారాం మాటను నోట్‌బుక్కులో రాసుకుంటున్నాడు. పెళ్ళి పది రోజుల్లో ఉంది. ఈ సమయంలో కారిగర్లు లేచిపోతే ఏడాది పని నేరుగా బావ ఒళ్ళో పడుతుంది. సిద్ధిరాములు ఒప్పుకున్నాడు. కూలి కోటుకింతని ఇస్తున్నాడు కనుక, గంటలు సగమై కూలి తగ్గకూడదంటే కోటు రేటు రెట్టింపవుతుందన్న సంగతి అతనికి భోజనం చేస్తుండగా తట్టింది. అప్పటికే తుకారాం, అతని మనుషులు ఒంటిగంట కొట్టిందని వెళ్ళిపోయారు.

సాయంత్రం పనికి మనుషులు కావాలన్న బోర్డు సత్యరాజే తన చేత్తో రాసిపెట్టాడు. మంగళవారం రెండు గంటలకు నలుగురు వచ్చారు. ముందు నిలబడ్డ నర్సింహులును చూసి సిద్ధిరాములు కత్తిరింపు ఆపేశాడు. అతను భిక్షపతి దుకాణంలో పెద్ద కారిగర్.

"మా సేటు దగ్గర సుత ఒంటిగంట దాకనే పని," అన్నాడు నర్సింహులు. "సాయంత్రం ఖాళీ. మా మీద మీకు ఎంత ఇష్టముంటే అంత ఇయ్యుండ్రి."

బావ మనుషులే తన దుకాణంలో కూర్చుంటారన్న సంతోషంలో సిద్ధిరాములుకు వాళ్ళ మీద చాలా ఇష్టం కలిగింది. పొద్దుటి వాళ్ళకంటే ఇంకాస్త ఎక్కువే ఒప్పుకుని, కొత్తవాళ్ళొచ్చారని కొబ్బరికాయ కూడా కొట్టాడు.

అతనికి తెలియనిదేమంటే తుకారాం, నర్సింహులు ఒకే గదిలో ఉంటారు, ఒకే కుండలో వండుకుంటారు. సోమవారం సాయంత్రం ఆ గదిలో ఫ్రాన్సు చట్టానికి కొన్ని సవరణలు జరిగాయి. మంగళవారం పొద్దున నర్సింహులు అదే చట్టం చెప్పి భిక్షపతినీ ఒప్పించాడు. ఆ సవరణల ప్రకారం మధ్యాహ్నం రెండు గంటలకు నర్సింహులు మనుషులు అమీర్‌పేట వచ్చేవారు, సరిగ్గా అదే వేళకు తుకారాం మనుషులు పంజాగుట్ట చేరేవారు. దారిలో ఎదురుపడి బీడీలు పంచుకునేవారు. అక్కడ భిక్షపతి కూడా బావమరిది మనుషులను లాగేశానన్న సంబరంతో ఎక్కువ కూలి ఒప్పుకుని, తానూ ఒక కొబ్బరికాయ కొట్టాడు. ఎనిమిది మందీ ఎప్పటిలాగే పద్నాలుగు గంటలు కుడుతున్నారు, కూలి మాత్రం రెట్టింపు మించిపోయింది. 'మా బావ దగ్గర సాయంత్రం ఎవరు చేస్తున్నరు' అని సిద్ధిరాములు ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ మంగళవారమే అయిపోయేది. కానీ బావ ఊసెత్తనని అతను ఒట్టు పెట్టుకున్నాడు. భిక్షపతి పెట్టుకున్న ఒట్టు ఇంకా గట్టిది.

పొద్దున తుకారాం మనుషులు ఆవులిస్తూ వచ్చేవారు.

"ఇంటికాడ ఇంతసేపు ఆరామ్ చేసి సుత ఆవులింతలేంది?" అన్నాడు సిద్ధిరాములు.

"విశ్రాంతి కొత్త కదా, అలవాటు కావాలి," అన్నాడు సత్యరాజు. "ఫ్రాన్సులో అయితే సముద్రం ఒడ్డుకు పోతారు."

ఆయన రెండు దుకాణాల్లోనూ పొద్దున కుట్టేవాళ్ళను కళ్ళారా చూశాడు. సాయంత్రం ట్యూషన్లుండటం వల్ల ఆ వేళ కుట్టేవాళ్ళను రెండు దుకాణాల బోర్డులు చూసే లెక్క కట్టాడు. ఎనిమిది ఉద్యోగాలు పదహారైనట్టు నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

సిద్ధిరాములు దుకాణంలో పొద్దున కోటు ఒళ్ళు కుట్టేవారు. సాయంత్రం చేతులు కుట్టి తగిలించేవారు. సుద్ద గుర్తున్న వైపు బయటికి రావాలని నర్సింహులుకు మూడేళ్ళుగా అలవాటు. అతను అలాగే కుట్టాడు, కుట్టాక శుభ్రంగా సుద్ద దులిపాడు. కందిలి వెలుతురులో అన్నీ నీలంగానే కనిపించాయి.

పెళ్ళికి రెండు రోజుల ముందు కోట్లన్నీ కాజాల కోసం లోపలికి, సిద్ధిరాములు భార్య పోశవ్వ దగ్గరికి వెళ్ళాయి. ఆమె మొదటి కోటును గుమ్మంలో ఎండకు పట్టుకుని చూసింది. తర్వాత రెండోది, మూడోది చూసి మొగుణ్ణి పిలిచింది.

"గిటు జూడు. పెయ్యి ఒక తీరు, చేతులు ఒక తీరు. చేతులు ఉల్టా కుట్టిండ్రు."

"ఎన్నిటికి?"

"అన్నిటికి."

"ఇప్పి మల్ల కుట్టిద్దాం."

"ఇప్పితె సూది బెజ్జాలు కనపడవా? కొత్త బనాతు ఏడ తెస్తవ్, పెళ్ళి ఎల్లుండి పెట్టుకొని?"

సిద్ధిరాములు అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు. అతనికి నిజంగా భయం వేసింది. దేవిడీ పని పోవడం ఒకటే కాదు, దేవిడీలో మాట పడ్డ దర్జీకి ఊళ్ళో ఎవరూ రవికె గుడ్డ కూడా ఇవ్వరు. సిరిసిల్ల వెళ్ళి మగ్గం మీద కూర్చుందామన్నా, తండ్రి వదిలేసిన ఆ పని తన చేతికి రాదు. ఆ పూట అతను అన్నం ముట్టలేదు. పోశవ్వ మాత్రం కాజాలన్నీ వేసింది.

మర్నాడు పొద్దున చేతులన్నీ లోపలికి మడిచి, ఒళ్ళు మాత్రమే కనిపించేలా మూటలు కట్టి, తుకారాంను వెంటబెట్టుకుని టాంగాలో దేవిడీకి వెళ్ళాడు. వాకిట్లో భిక్షపతి నిలబడి ఉన్నాడు. పక్కన నర్సింహులు ఉన్నాడు. భిక్షపతి మూటలో కోట్లు కూడా చేతులు లోపలికి మడిచే ఉన్నాయి. అతని ముఖం కూడా రాత్రి తిండి తిన్న ముఖంలా లేదు.

మున్షీ గారికి తెలుగు బాగా వచ్చు, కోపమొస్తే మాత్రం మరిచిపోతారు. ఆయన చెరో మూటలోంచి ఒక్కో కోటు తీయించి ఇద్దరు నౌకర్లకు తొడిగించారు. రెండు కోట్లకూ ఒళ్ళు నిగనిగలాడుతోంది, చేతులు మసకగా ఉన్నాయి. ఆయన వాళ్ళ చుట్టూ రెండుసార్లు తిరిగారు. తర్వాత మిగతావన్నీ విప్పించి చూశారు. కాళ్ళ మీద పడటానికి సిద్ధిరాములు భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకున్నాడు.

"నాకు పది దినాల సంది ఒకటే ఫికర్," అన్నారు మున్షీ గారు, తెలుగులోనే. "రెండు దుకాణాల కోట్లు ఒక్క తీరుగ ఉండయ్, వరుసగ నిలబెడితె రెండిండ్ల నౌకర్ల లెక్క కనపడ్తరని. గివి జూస్తె అరవైకి అరవై ఒక్క చేతి మీద కుట్టినట్టున్నయ్. చేతులకు గీ మసక రంగు సుత మస్తున్నది. ఎవరి తెలివి?"

"నాదే," అన్నారు బావా బావమరుదులు ఒకేసారి.

"ఇద్దరిది ఎట్లయితది? కుట్టింది ఎవరు?"

తుకారాం ఒక అడుగు ముందుకొచ్చాడు. "మేం ఎనిమిది మందిమి సర్కార్. పొద్దున ఒక సేటు దగ్గర, సాయంత్రం ఇంకో సేటు దగ్గర. అరవై కోట్లు మా చేతుల మీదనే అయినయ్."

మున్షీ గారు వేళ్ళ మీద ఏదో లెక్క వేశారు. ఆయన పాతికేళ్ళుగా జాగీరు వ్యవహారాలు చూస్తున్న మనిషి.

"అట్లయితె ఏడాది పని మీకే. దేవిడీ ఎనక గది ఖాళీ ఉన్నది, ఆడ మిషిన్లు పెట్టిస్తం," అని తుకారాంతో అని, "మరి నడుమల గీ సేట్లెందుకు?" అని తనలో తాను అనుకున్నట్టుగా పైకే అనేసి లోపలికి వెళ్ళిపోయారు.

శనివారం పొద్దున సిద్ధిరాములు దుకాణంలో మిషన్ల చప్పుడు లేదు. బల్ల మీద ఒక చివర అతను, రెండో చివర భిక్షపతి కూర్చున్నారు. పంజాగుట్ట దుకాణంలోనూ చప్పుడు లేదు కనుక భిక్షపతి పొద్దున్నే వచ్చేశాడు.

"చాయ్ తాగుతవా బావా?"

"పొయ్యిమను."

చాయ్ సగం తాగాక భిక్షపతి గొంతు సవరించుకున్నాడు. "సుద్ద గుర్తు నువ్వింకా మామ పెట్టిన దిక్కే పెడ్తున్నవా?"

"ఆ. నువ్వు?"

"రెండో దిక్కు."

సాయంత్రం కుట్టినవాళ్ళు అక్కడా ఇక్కడా తమ పాత సేటు అలవాటు ప్రకారమే కుట్టారని ఇద్దరికీ అర్థమైంది. సిద్ధిరాములు లేచి వెళ్ళి తండ్రి కత్తెర తెచ్చి ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాడు. కత్తిరించడానికి బట్ట లేదు గనుక ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు. అప్పుడే సత్యరాజు కోటు కోసం వచ్చాడు.

"మా ఇంట్ల ఇద్దరు పని లేనోళ్ళు కూసున్నరు పంతులూ," అంది పోశవ్వ లోపలినుంచి. "మీ ఫ్రాన్సోళ్ళు ఏమన్న జేస్తరా?"

ఆయన నోట్‌బుక్కు తెరుస్తుండగా తుకారాం వచ్చాడు. వచ్చినవాడు ఎప్పటిలా మిషన్ దగ్గరికి పోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కుట్టుడు వస్తది గని కత్తిరించుడు మాకు రాదు సేటూ. ఒక మనిషి కావాలె. ఒక్కరినే పెడితె ఎనభై నాలుగు గంటలైతది, రెండో మనిషి నోటికాడి బువ్వ గుంజినట్టయితది. అందుకే పొద్దున మీరు రాండ్రి, సాయంత్రం భిక్షపతి సేటును రమ్మనుండ్రి. తలా నలభై గంటలే. మున్షీ సాబ్‌కు చేతులు గట్లనే మసకగ కావాల్నట. పెయ్యి మీరు కత్తిరించుండ్రి, చేతులు ఆయన కత్తిరిస్తడు. గుర్తు ఎవరి దిక్కు వాళ్ళే పెట్టుకోండ్రి."

బావా బావమరుదులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత సిద్ధిరాములు కత్తెర అందుకున్నాడు, అప్పటికి ఇంకా పొద్దున పూటే కాబట్టి.

ఫ్రాన్సు చట్టం పుణ్యమా అని అమీర్‌పేటలో ఇద్దరు నిరుద్యోగులకు పని దొరికిందని సత్యరాజు వార్షికోత్సవంలో పాత కోటు వేసుకునే చదివాడు. వాళ్ళు నిరుద్యోగులెలా అయ్యారన్నది ఆయన వ్యాసంలో లేదు.