మధ్యాహ్నం క్యాప్సూల్

ఆ ఉదయం చెయ్యవలసిన పనులు నాలుగు. పాలు కాచి చల్లార్చి సీసాలో పోసుకోవాలి. ఎంజైము పొడి బుడ్డి సంచిలో పెట్టుకోవాలి. తెల్లకోటు ఇస్త్రీ చేయించుకోవాలి. నాన్న మొదటి ముద్దతోనే క్యాప్సూల్ వేసుకున్నాడో లేదో కళ్లారా చూడాలి.

చివరి పని కూతురు ఏ రోజూ మరవలేదు. రెండేళ్ల క్రితం జబ్బుచేసి ఆయన క్లోమం పని మానుకుంది. కొవ్వును అరిగించే రసం లోపల ఊరదు గనక భోజనం చేసినప్పుడల్లా దాన్ని క్యాప్సూల్‌లో బయటినుంచి పంపాలి. ఆయనది లాండ్రీ కొట్టు. అందుకే ఆమె ఆయన భాషలోనే చెప్పింది. పైత్యరసం సబ్బులాంటిది, కొవ్వును బొట్లు బొట్లుగా విడగొడుతుంది. లైపేజ్ అనే ఎంజైము కత్తెరలాంటిది, ఆ బొట్లను కత్తిరించి ఒంటికి పట్టేలా చేస్తుంది.

ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. ఈ రోజు బడిలో ఇదే పాఠం చెప్పి మెప్పిస్తే సైన్సు టీచరు ఉద్యోగం.

ఆమె స్నానానికి వెళ్లగానే నాన్నకు కోటు జేబు మీద నూనె మరక కనబడింది. సబ్బుకు లొంగలేదు. సబ్బు పని అయింది, ఇక కావలసింది కత్తెర అనుకున్నాడు. బల్లమీది బుడ్డి తీసి పొడి మొత్తం మరకకు పట్టించాడు. ఖాళీ బుడ్డి చూశాకే అది కూతురి పాఠానికి కావలసిన పొడి అని గుర్తొచ్చింది. అదృష్టవశాత్తూ కొట్లోని బట్టల పొడి ప్యాకెట్ మీద కూడా ‘ఎంజైము’ అని రాసి ఉంది. దాంతో బుడ్డి నింపి, పొడి శుభ్రంగా ఉండాలని నీలి రవ్వలు ఒక్కొక్కటే ఏరి పారేశాడు.

కోటు తడిగా ఉంది. "నువ్వు పద టీచరమ్మా, ఆరగానే వెనకే పట్టుకొస్తా" అన్నాడు.

తరగతిలో ఆమె పాలలో కాస్త సోడా, ఆమ్లాన్ని పట్టిచ్చే రంగుమందు చుక్కలు వేసి గులాబీ రంగు తెప్పించింది. కొవ్వు విరిగి ఆమ్లం పుడితే రంగు పోయి పాలు తెల్లబడతాయని చెప్పి, పొడి వేసి కలిపింది. రంగు ఇంకా ముదిరింది. గట్టిగా కలిపింది. నురగ లేచింది, గ్లాసు దాటింది, బల్ల దిగి, పక్కన కూర్చుని మార్కులు వేస్తున్న హెడ్‌మిస్ట్రెస్ చెప్పుల దాకా వచ్చింది.

"టీచర్, మన పొట్టలో కూడా ఇంత నురగొస్తుందా?" అని చివరి బెంచీ పిల్ల అడిగింది. హెడ్‌మిస్ట్రెస్ పెన్ను మూత పెట్టేసింది.

అప్పుడే కోటుతో గుమ్మంలోకి వచ్చిన నాన్నకు వాసనతోనే సంగతి తెలిసిపోయింది. తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. తర్వాత చొక్కా జేబులోంచి ఒకే ఒక్క క్యాప్సూల్ తీశాడు.

"అది నీ మధ్యాహ్నానిది, నాన్నా."

"ఈ పూట నూనె ముట్టుకోనులే. ఇంకో గ్లాసు కలుపు."

క్యాప్సూల్ విప్పి, లోపలి గింజలను చెంచాతో నలిపి గోరువెచ్చటి పాలలో వేశాడు. రంగు మారేదాకా పిల్లలు ఊరుకోరు గనక వాళ్లకు సబ్బు సంగతీ కత్తెర సంగతీ చెప్పాడు. సబ్బు నూనెను విడగొట్టగలదు గాని మాయం చెయ్యలేదని, ముందు విడగొట్టకపోతే కత్తెరకు పని సాగదని చెప్పాడు. గులాబీ రంగు మెల్లగా పలచబడి పాలు పాలలాగే అయ్యాయి.

హెడ్‌మిస్ట్రెస్ లేచింది. "ఈయనకిదంతా ఎవరు చెప్పారమ్మా?"

"నేనేనండి" అంది కూతురు తల వంచుకుని.

"ఆయన ఎంతవరకు చదివారు?"

"మూడో తరగతండి" అన్నాడు నాన్నే.

హెడ్‌మిస్ట్రెస్ మళ్లీ పెన్ను మూత తీసింది. సోమవారం నుంచి రమ్మంది.

ఆ మధ్యాహ్నం తండ్రీకూతుళ్లు కొట్లో కూర్చుని, నూనె చుక్క లేని భోజనం చేశారు. ఆమెకు ఆ అవసరం లేకపోయినా అదే తింది. ఈసారి మీరు నూనె ఓడే కూర తిని హాయిగా త్రేన్చినప్పుడు ఆయన్ని ఒక్కసారి తలచుకోండి. కోటు మీది మరక పోయిందా అని మాత్రం అడగకండి.