గుండు టైర్ల మీద పుట్టింటి బట్టలు

గుడివాడలో గోవర్ధనరావులు నలుగురైదుగురు ఉంటే ఉండొచ్చు గానీ, గేర్ల గోవర్ధనరావు మాత్రం ఒక్కడే. ఎరువుల షాపు నడుపుతాడు. యూరియా గురించి అడిగితే రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటాడు. డ్రైవింగ్ గురించి అడిగితే టీ తెప్పించి మరీ చెబుతాడు. అడక్కపోయినా టీ వస్తుంది.

అలాంటి మనిషి ఇంటి ముందు, రెండువేల ఎనిమిది శ్రావణమాసంలో ఒకరోజు, లారీ మీంచి ఎర్రటి స్పోర్ట్స్ కారు దిగింది. అతనిది కాదు. అతనితో కలిసి చదువుకున్న భానుప్రకాష్ చెన్నైలో స్థిరపడి, అక్కడి రేసు ట్రాక్ మీద సరదాకి కార్లు తోలుతుంటాడు. ఇల్లు మారుతున్నానని, కొన్నాళ్లు దాచిపెట్టమని ఆ కారుని స్నేహితుడి ఎరువుల గొడౌనుకి పంపించాడు.

"ఎండగా ఉంటే ఊళ్లో ఒక రౌండు వేసుకోరా. చినుకు పడితే మాత్రం బయటికి తియ్యకు. దానికున్నవి ట్రాక్ టైర్లు. పొడి రోడ్డుని పట్టుకున్నట్టు ఇంకే టైరూ పట్టుకోదు. తడి రోడ్డు మీద మాత్రం సబ్బుబిళ్లే" అని ఫోన్లో చెప్పాడు.

ఈ మాటల్లో మొదటి సగమే గోవర్ధనరావు భార్యకు చెప్పాడు.

భార్య రాజకుమారి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. కారు కప్పు ఆమె నడుము దాటలేదు.

"ఏవండీ, దీన్లోకి ఎక్కాలా, దిగాలా?"

"జోకులొద్దు. దీని ఇంజను ముందు మనూరి కార్లన్నీ కుట్టుమిషన్లే."

"అది సరే, టైర్లకి గీతలేవీ? తిరపతి వెళ్లొచ్చినట్టు నున్నగా ఉన్నాయి."

"పుట్టుకతోనే అంత. రేసు టైర్లు అలాగే ఉంటాయి. నీకు ట్రాక్టర్ టైర్లు తప్ప ఏం తెలుసు?"

ఆ దెప్పుడుకి ఒక చరిత్ర ఉంది. రాజకుమారిది పెదపారుపూడి పక్క పల్లెటూరు. మగపిల్లలు లేని ఇల్లు. ఆమె తండ్రి ఇద్దరు కూతుళ్లలో చిన్నదాన్ని పొలం పనుల్లో పెట్టాడు. నాట్లకి నీళ్లు పెట్టి దున్ని దమ్ము చేసే ట్రాక్టరు, ఇంట్లో ఉన్న పాత అంబాసిడరు, రెండూ ఆమె చేతిలోనే నలిగాయి. లైసెన్సు కూడా తీయించాడు. పెళ్లయ్యాక గోవర్ధనరావు ఆ లైసెన్సుని శుభ్రంగా లామినేషన్ చేయించి, బీరువాలో దాచి, "ఇంట్లో ఒక డ్రైవరు చాలు" అన్నాడు.

సరిగ్గా ఆ వారంలోనే రాజకుమారి అక్క కనకమహాలక్ష్మి గృహప్రవేశం వచ్చింది, అవనిగడ్డలో. తెల్లవారుజామున పాలు పొంగిస్తారు. పదకొండింటికి దంపతులు వ్రతం పీటల మీద కూర్చోవాలి. కూర్చునే ముందు పుట్టింటివాళ్లు పెట్టిన బట్టలు కట్టుకోవాలి. అన్నదమ్ములు లేరు, అమ్మానాన్నలు లేరు. కనకమహాలక్ష్మికి పుట్టిల్లంటే ఇప్పుడు చెల్లెలే. అందుకే రాజకుమారి విజయవాడ వెళ్లి పట్టుచీర, పంచెల చాపు ఏరి ఏరి కొంది. ముందురోజు మధ్యాహ్నమే బస్సులో వెళ్లిపోదామని సంచి కూడా సర్దింది.

"బస్సా!" అన్నాడు గోవర్ధనరావు, బస్సంటే ఏదో అంటురోగమైనట్టు. "రేపు పొద్దున్నే ఎర్ర కార్లో వెళ్దాం. గంటలో దింపుతా."

"ఆ బట్టలు టైముకి అందకపోతే అక్క పరువు పోతుందండీ. వాళ్ల అత్తగారి వైపు వాళ్లంతా వస్తారు."

"గంటలో అన్నానా?"

అసలు సంగతి వేరు. కనకమహాలక్ష్మి భర్త మల్లికార్జునరావు, అంటే గోవర్ధనరావుకి తోడల్లుడు, పోయిన ఏడాది ఒక పెళ్లిలో నలుగురి ముందు, "మా తమ్ముడు గుడివాడలో కారు తీశాడని తెలిస్తే మేం తాపీగా నారు పోసుకుంటాం. కోతల వేళకి వచ్చేస్తాడు" అన్నాడు. ఆ మాట గోవర్ధనరావు గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. కొత్త ఇంటి పందిరి ముందు ఎర్ర కారు ఆగాలి, తలుపు తెరుచుకోవాలి, తను దిగాలి. మూడు రాత్రులుగా అతను ఆ దిగడాన్నే ప్రాక్టీసు చేస్తున్నాడు.

పొద్దున్న ఎండ ఫెళ్లున కాసింది. పామర్రు దాకా కారు వెళ్లిన తీరు చూసి గోవర్ధనరావుకే కళ్లు చెమర్చాయి. పామర్రు దాటాక ఆకాశం చెమర్చింది.

"ఏవండీ, మబ్బు పట్టింది."

"సముద్రం వైపు మబ్బది. మచిలీపట్నానికి పోతుంది."

మబ్బు మచిలీపట్నం వెళ్లే ఉద్దేశంలో ఉన్నట్టు లేదు. కూచిపూడి దాటేసరికి వాన దంచడం మొదలెట్టింది. దానికి తోడు నాట్ల రోజులు. ఇనప చక్రాల ట్రాక్టర్లు దమ్ము ముగించి రోడ్డెక్కిన చోటల్లా నల్లమట్టి పెళ్లలు రాలి, వాన తగలగానే వెన్నలా కరిగాయి.

ఎదురుగా ఒక గేదె నింపాదిగా రోడ్డు దాటుతోంది. గోవర్ధనరావు బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగాయి. కారు ఆగలేదు. నిండా ఒక చుట్టు తిరిగి, ఇంకో అరచుట్టు కూడా తిరిగి, పంటకాలవ అంచున నిలబడింది. గేదె ఒకసారి చూసి తన దారిన తను పోయింది.

కారు మూతి ఇప్పుడు పామర్రు వైపు ఉంది.

ఒళ్లో బట్టల పళ్లెం పట్టుకున్న రాజకుమారి ఊపిరి తీసుకుని అడిగింది.

"ఇంటికెళ్లిపోతున్నామా?"

గోవర్ధనరావు పౌరుషంగా కారు తిప్పి, ఆక్సిలరేటరు తొక్కాడు. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. కారు ముందుకి తప్ప అన్ని వైపులకీ కదిలింది. ఇంతలో అవనిగడ్డ వెళ్లే పల్లెవెలుగు బస్సు వచ్చింది. ఫుట్‌బోర్డు మీద కూడా చోటు లేదు. కండక్టరు తల బయటికి పెట్టి, "సైడివ్వండి సార్, స్పీడుగా పోయే బండి వస్తోంది!" అని అరిచాడు. బస్సు వాళ్ల అద్దం మీద కాస్త బురద చిమ్మి వెళ్లిపోయింది.

చేల్లో దమ్ము చేస్తున్న ట్రాక్టరు డ్రైవరు సీమోను గట్టెక్కి వచ్చాడు.

"తాడేసి లాగమంటారా బాబుగారూ? చల్లపల్లి దాకా దింపుతాను."

ట్రాక్టరు వెనక ఎర్ర కారు! గోవర్ధనరావుకి మల్లికార్జునరావు నవ్వు అక్కడికే వినిపించింది.

"వద్దు వద్దు. వాన తగ్గాక వెళ్తాం."

"ఇది ముసురండీ. సాయంత్రం దాకా తగ్గదు" అన్నాడు సీమోను.

రాజకుమారి భర్త వైపు తిరిగింది. "వాన్లో ఈ బండి నడవదని మీకు ముందే తెలుసా?"

"అంటే... భానుప్రకాష్ ఏదో అన్నాడు."

"ఏమన్నాడు?"

"సబ్బుబిళ్ల అన్నాడు."

రాజకుమారి అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది గోవర్ధనరావుకి. ఆమె ఒళ్లోని పళ్లెం వంక చూసింది.

"అక్క గుమ్మంలో నిలబడి ఉంటుందండీ. చెల్లెలు వస్తుందని అందరికీ చెప్పుకుని ఉంటుంది" అంది.

అతనికి మొదటిసారి నిజంగా సిగ్గేసింది. తన దిగడం గురించి మూడు రాత్రులు ఆలోచించాడు గానీ, ఆ గుమ్మంలో నిలబడేది ఎవరన్నది ఒక్కసారి కూడా తోచలేదు.

"జరగండి" అంది రాజకుమారి.

"ఎక్కడికి?"

"ఇటు. ఈ పళ్లెం పట్టుకోండి. బట్టలు తడిసాయో, ఊరుకోను."

"రాజీ, ఇది ట్రాక్టరు కాదు."

"రోడ్డు మాత్రం దమ్ము చేసిన చేనులానే ఉంది."

చెప్పులు విప్పేసి, చీర కుచ్చిళ్లు దోపుకుని, స్టీరింగు ముందు కూర్చుంది. మొదటి గేరు వెయ్యలేదు. రెండో గేర్లో, కారుకి తెలియకుండా దాన్ని కదిలించింది. చక్రాలు తిరగబోయి, ఆలోచించుకుని, రోడ్డుని పట్టుకున్నాయి.

"క్లచ్! క్లచ్చొదులు! కాదు, తొక్కు! అదిగో సైకిలు!"

"మీరు మాట్లాడితే నేను బ్రేకు తొక్కుతాను" అంది రాజకుమారి నెమ్మదిగా.

బ్రేకు తొక్కితే ఏమవుతుందో గోవర్ధనరావుకి ఇందాకే తెలిసింది. నోరు మూసుకున్నాడు.

"వానాకాలం గట్టు మీద అన్నం కారియరు పట్టుకుని నడిచేదాన్ని" అంది ఆమె, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "పరిగెత్తితే పడతాం. భయపడి ఠక్కున ఆగినా పడతాం. అడుగు మెత్తగా వేస్తూ పోతూనే ఉండాలి."

అలాగే పోతూనే ఉంది. మట్టి పెళ్లలు కనిపిస్తే చాలా ముందే కాలు తేలిక చేసేది. నీళ్లు నిలిచిన చోట్లు తప్పించేది. మలుపు వస్తే స్టీరింగుని తిప్పినట్టుండేది కాదు, బుజ్జగించినట్టుండేది. ఒకసారి మోపిదేవి ఇవతల కారు తోక పక్కకి జారింది. గోవర్ధనరావు పళ్లేన్ని గుండెకి హత్తుకుని దేవుళ్లందరినీ పిలిచాడు. రాజకుమారి మాత్రం కంగారుపడకుండా చెయ్యి కొంచెం అటే తిప్పింది. కారు బుద్ధిగా దారిలోకి వచ్చింది. నూటయాభై దాటి పరిగెత్తే ఆ కారుని చల్లపల్లి సైకిళ్లు రెండు దాటిపోయాయి. అయినా ఆమె చేతిలో అది ఒక్కసారి కూడా ఆగలేదు.

గోవర్ధనరావుకి భయం ఎక్కడ దిగిపోయిందో తెలియదు. దాని చోట్లో గర్వం వచ్చి కూర్చుంది. ఇన్నేళ్లూ ఇంత డ్రైవరుని పక్క సీట్లో కూర్చోబెట్టి, తను గేర్ల గురించి ఉపన్యాసాలిచ్చాడు! ఈ మాట ఎవరికైనా చెప్పాలని నాలుక దురద పెట్టింది. చెబితే బ్రేకు తొక్కుతుంది.

పులిగడ్డ దగ్గర నది దాటాక, అవనిగడ్డ కనిపిస్తుండగా, అతనిలోని పాత మనిషి ఒక్కసారి లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"రాజీ, ఊరి మొదట్లో ఒక్క నిమిషం ఆపితే సీట్లు మార్చుకుందాం. అంటే, నువ్వు అలసిపోయావేమోనని."

"అలాగేనండీ" అంది రాజకుమారి.

ఊరి మొదలు వచ్చింది. వెళ్లిపోయింది. బజారు వచ్చింది. అదీ వెళ్లిపోయింది.

"ఆపుతానన్నావుగా!"

"ఆపితే జారుతుందేమోనండీ. టైర్లు మంచివి కావుగా."

సన్నాయి మోగుతున్న పందిరి ముందు, వర్షంలో, ఎర్ర కారు మెత్తగా వచ్చి నిలిచింది. జనం గొడుగులతో మూగారు. కుడివైపు తలుపు తెరుచుకుని పట్టుచీరలో, ఉత్త కాళ్లతో రాజకుమారి దిగింది. గుమ్మంలో కనకమహాలక్ష్మి చెల్లెల్ని చూసి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది. ఎడమవైపు తలుపులోంచి ముందు ఒక మోకాలు, తర్వాత బట్టల పళ్లెం, చాలాసేపటికి గోవర్ధనరావు వచ్చారు. మూడు రాత్రుల ప్రాక్టీసంతా కుడి తలుపుకే.

పీటల వేళకి బట్టలు అందాయి. పంచె మీద ఒక్క చుక్క తడి లేదు.

భోజనాల దగ్గర మల్లికార్జునరావు పక్క ఆకు ముందు కూర్చుంటూ, "ఏం తమ్ముడూ, మరదలు ఆ బండిని అంత వాన్లో ఎలా తెచ్చింది? అలాంటి కారు నడపడం నువ్వే నేర్పావా?" అన్నాడు.

'నేనే' అన్న మాట గోవర్ధనరావు నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా చూశాడు. కనకమహాలక్ష్మి కొత్త పట్టుచీరలో, చెల్లెలి భుజం మీద చెయ్యేసి బంధువులందరికీ చూపిస్తోంది, అదిగో మా పుట్టిల్లు అన్నట్టు. ఆ మాట నాలుక మీంచి వెనక్కి పోయింది.

"నేను నేర్పలేదన్నయ్యా. నాకే చేతకాలేదు. గిర్రున తిప్పి కాలవ అంచున పెట్టాను. అక్కణ్ణుంచి మా ఆవిడే తెచ్చింది. చూడాల్సింది నువ్వు! రెండో గేర్లో తీసి, అసలు బ్రేకే తొక్కకుండా..."

ఆకు మీద అన్నం చల్లారిపోతున్నా ఆపలేదు. పక్క వరసకి వినపడలేదని మళ్లీ మొదటినుంచి చెప్పాడు. రోడ్డు మలుపులు చూపించడానికి ఆకు మీద అప్పడాలు పేర్చాడు. 'మా ఆవిడ' అన్నప్పుడల్లా అతని ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

అంతా విన్న మల్లికార్జునరావు తల్లి వెంకటరత్నమ్మ, "బాగానే ఉంది. మరి అంతసేపూ నువ్వేం చేశావు బాబూ?" అని అడిగింది.

గోవర్ధనరావు ఆకు మీది అప్పడాన్ని ఒకదాన్ని అటూ ఇటూ జరిపాడు.

"నేను... పక్కన కూర్చున్నానండీ."

బంతి మొత్తం గొల్లుమంది. పూర్ణాల గిన్నెతో వడ్డిస్తున్న రాజకుమారి భర్త ఆకు దగ్గర ఆగింది.

"అలా తీసెయ్యకండి అత్తయ్యగారూ. ఊరు కనపడేదాకా ఆయన పెదవి విప్పలేదు. బండి నడపడం నాకంత కష్టం కాలేదు గానీ, ఆ కూర్చోవడం ఆయనకెంత కష్టమో నాకు తెలుసు" అంటూ అతనికి రెండు పూర్ణాలు ఎక్కువ వేసింది.

గోవర్ధనరావు ఏదో చెప్పబోయాడు. భార్య వంక చూసి, పూర్ణం నోట్లో పెట్టుకున్నాడు.